మందుల కౌంటరు వెనక నుంచి ఆక్సీకాంటిన్‌కి

ఆక్సీకాంటిన్‌కి,

ఉత్తరాలతో ఏమవుతుందిలే అని తీసిపారేసేవాళ్ళకి నీ జాతకం చూపించాలి. నొప్పి బిళ్ళగా నువ్వింకా పుట్టకముందు, 1980 జనవరిలో, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ లేఖల పేజీలో ఓ ఉత్తరం అచ్చయింది. మొత్తం ఐదే వాక్యాలు. రాసింది బోస్టన్‌లో పనిచేసే జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్. తాము పరిశీలించిన ఆస్పత్రి రికార్డుల్లో నల్లమందు జాతి మందు ఒక్కసారైనా తీసుకున్నవాళ్ళు 11,882 మంది ఉన్నారు, అంతకుముందు వ్యసనమేమీ లేకుండా కొత్తగా అలవాటు పడ్డట్టు ఆధారం దొరికింది నలుగురికే అని అందులో సంగతి. వాళ్ళంతా ఆస్పత్రి మంచం మీద, నర్సు కళ్ళముందు మందు తీసుకున్నవాళ్ళు. ఇంటికెళ్ళాక ఏమయ్యారో ఎవరూ చూడలేదు, చూశామని ఆ ఉత్తరం చెప్పుకోనూ లేదు.

ఆ ఐదు వాక్యాలని పట్టుకుని ఎంతమంది ఎంత దూరం పోయారో 2017లో కెనడా పరిశోధకులు లెక్క తీశారు. 608 చోట్ల దాన్ని ఉదహరించారట. అందులో నూటికి డెబ్బైకి పైగా, ఈ మందులకి అలవాటు పడటం అరుదు అనడానికి సాక్ష్యంగా చూపించినవే. ఆ రోగులు ఆస్పత్రిలో ఉన్నవాళ్ళన్న ముక్క మాత్రం నూటికి ఎనభై మంది రాయనే లేదు. నిన్ను అమ్మడానికి బయల్దేరిన కుర్రాళ్ళు డాక్టర్ల గదుల్లో కూర్చుని చెప్పిన మాట, వ్యసనం ఒక శాతం లోపే అని. నువ్వు లేచింది ఆ ఒక్క శాతం పునాది మీదే.

ఇంతకీ నేనెవరినో చెప్పలేదు. వరంగల్ కాకతీయ యూనివర్సిటీలో బి.ఫార్మసీ చదివి, ఇక్కడికొచ్చి వీళ్ళ పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకున్నవాణ్ణి. ఒహాయో రాష్ట్రం దక్షిణపు కొసన, నది ఒడ్డున, ఒక చిన్న ఊళ్ళో మందుల షాపులో పని. వంతెన దాటితే కెంటకీ. కాస్త తూర్పుకి పోతే వెస్ట్ వర్జీనియా. నీకు బాగా తెలిసిన చోట్లే. ట్రే మీద నిన్ను పోసి, చిన్న బద్దతో ఐదేసి ఐదేసి జరుపుతూ లెక్కపెట్టి, నారింజ రంగు సీసాలోకి దింపడం మా వృత్తివాళ్ళ పని. 10 మిల్లీగ్రాములది తెలుపు, 20ది గులాబి, 40ది పసుపు, 80ది ఆకుపచ్చ. ఒకవైపు ఓసీ అన్న రెండక్షరాలు, ఇంకోవైపు నీ బలం ఎంతో చెప్పే అంకె. చూడ్డానికి ముద్దుగానే ఉండేదానివి.

మత్తుమందు అంటే సందు చివర, చీకట్లో, ముఖం సగం కప్పుకున్నవాడి జేబులోంచి వస్తుందని జనం నమ్మకం. నువ్వు ముందు గుమ్మంలోంచి వచ్చావు. డాక్టరు సంతకం, షాపు లేబులు, ఇన్సూరెన్సు కార్డు, అన్నీ సక్రమంగా ఉన్నాయి. అందుకే ఏ తల్లీ నిన్ను గుమ్మంలో ఆపలేదు. పైగా టైముకి వేసుకున్నావా నాన్నా అని అడిగి మరీ వేయించారు. నీమీద నాకున్న కోపమంతా ఆ మందుల చీటీ మీదే. అది లేకపోతే నువ్వు పది ఊళ్ళకి మించి పోయేదానివి కాదు.

నీలో ఉన్న సరుకు కొత్తదేం కాదు. ఆక్సీకోడోన్‌ని మొదటి ప్రపంచ యుద్ధం నాళ్ళలోనే జర్మనీలో తయారుచేశారు. కనెక్టికట్‌లోని పర్డ్యూ ఫార్మా దానికో పూత తొడిగింది, మందు ఒక్కసారిగా కాకుండా పన్నెండు గంటలపాటు నెమ్మదిగా ఊరేలా. ఆ కంపెనీ వాళ్ళదే మార్ఫిన్ బిళ్ళ ఒకటి బాగా నడుస్తోంది గానీ దాని పేటెంటు అయిపోవస్తోంది. దాని స్థానంలో నిన్ను నిలబెట్టారు. 1995 డిసెంబరులో ప్రభుత్వ ఔషధ సంస్థ నీకు అనుమతిచ్చింది. మందు నెమ్మదిగా ఊరుతుంది కాబట్టి దుర్వినియోగమయ్యే అవకాశం తక్కువని నమ్ముతున్నాం అని నీ లేబులు మీదే ఒక వాక్యం పడింది. నమ్ముతున్నాం, అంతే. దానికి పరీక్షలేమీ లేవు. ఆ ఫైలు చూసిన అధికారి కర్టిస్ రైట్ కొన్నాళ్ళకి ఆ ఉద్యోగం వదిలేసి, ఆ తర్వాత పర్డ్యూలోనే చేరాడు. నిన్ను బజార్లోకి తెచ్చిన పండగ రోజున కంపెనీ యజమానుల కుటుంబంలోని రిచర్డ్ శాక్లర్, చీటీల మంచు తుఫాను కురుస్తుందని తన సేల్స్ సైన్యానికి మాటిచ్చాడు. ఆ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకున్నాడు.

పన్నెండు గంటల సంగతి కాస్త ఆగి చెప్పాలి, బయటివాళ్ళకి ఇది అర్థం కాదు. రోజుకి రెండే బిళ్ళలు, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అన్నది నీ అమ్మకానికి అసలు ఆకర్షణ. కానీ చాలామంది ఒంట్లో నువ్వు ఎనిమిది గంటలకే నీరుగారిపోయేదానివి. అప్పుడు పాత నొప్పి ఒక్కటే రాదు. ముక్కు కారుతుంది, చెమటలు, వణుకు, కడుపులో తిప్పు, కాళ్ళు ఒక్కచోట నిలవవు. తెలంగాణలో కల్తీ కల్లు దొరకని రోజుల్లో మెడలు వంకర్లు పోయి, ఫిట్స్ వచ్చి ఎర్రగడ్డ ఆస్పత్రికి చేరినవాళ్ళని చూసినవారికి నేను విడమరచి చెప్పక్కర్లేదు. అక్కడి మందు వేరు, ఆల్ప్రజోలం, డైజిపాం లాంటివి, లక్షణాలూ వేరు. ఉన్నట్టుండి ఆగిపోతే ఒళ్ళు చేసే రభస మాత్రం అదే జాతి. సరే, రోగి డాక్టరు దగ్గరికెళ్ళి పన్నెండు గంటలు ఆగడం లేదండీ అంటాడు. ఎనిమిది గంటలకొకటి రాస్తే నీ రెండు బిళ్ళల గొప్ప పోతుంది. కాబట్టి కంపెనీ నేర్పిన జవాబు, గంటలు తగ్గించొద్దు, బలం పెంచండి. 20 కాస్తా 40, 40 కాస్తా 80 అయింది. ఎక్కే ఎత్తు ఎంత పెరిగితే కింద పడే దెబ్బా అంత పెద్దది. రోజుకి రెండుసార్లు మనిషిని ఎక్కించి దించే ఏర్పాటుకి వైద్యం అని పేరు పెట్టారు.

నీ పూత ఎంత గట్టిదో కూడా ఇక్కడి కుర్రాళ్ళు త్వరగానే కనిపెట్టారు. నోట్లో వేసుకుని చప్పరించి, చొక్కా అంచుతో రంగు తుడిచేసి, చెంచా కింద నలిపితే చాలు, పన్నెండు గంటల మందు పన్నెండు సెకన్లలో చేతికొచ్చేది. బయట నీ ధర మిల్లీగ్రాముకో డాలరు. ఆకుపచ్చది ఎనభై డాలర్లు. వెన్ను నొప్పి నిజంగానే ఉన్న ముసలాయన నెలకి అరవై బిళ్ళల్లో సగం అమ్ముకుంటే ఇంటి వాయిదా, కరెంటు బిల్లు గడిచిపోయేవి. ఇతను దొంగా, రోగా అని నన్నడిగితే రెండూ అంటాను.

1996లో నీ అమ్మకాలు 4.8 కోట్ల డాలర్లు. 2000 నాటికి దాదాపు 110 కోట్లు. మొదటి సీసా ఉచితం అంటూ కూపన్లు పంచారు, వాటిలో సుమారు 34,000 చెల్లాయి. డాక్టర్లకి నీ పేరున్న టోపీలు, బొమ్మలు, పాటల సీడీలు ఇచ్చారు. (పాత డాక్టర్ల గ్యారేజీల్లో ఆ టోపీలు ఇంకా కనబడతాయి, చేపలు పట్టడానికి బాగుంటాయట.) అంతకన్నా పెద్ద ఆయుధం ఇంకోటుంది. ఏ డాక్టరు నొప్పి మందులు ఎన్ని రాస్తున్నాడో చెప్పే లెక్కల్ని కంపెనీ డబ్బిచ్చి కొనుక్కునేది. చెయ్యి విరివిగా ఆడే డాక్టరు ఎక్కడున్నాడో చూసి, సరిగ్గా ఆ గుమ్మంలోకే మనుషుల్ని పంపేది. ఈ లెక్కల సంగతి గుర్తుపెట్టుకో, చివర్లో మళ్ళీ అడుగుతాను.

బొగ్గు గనుల కొండల్నే ముందు ఎంచుకోవడం కాకతాళీయం కాదు. నడుం విరిగే పని, గనులు మూతపడ్డాక పని కూడా లేదు, వైకల్య భత్యం మీద బతికే ఇళ్ళు, ప్రభుత్వ వైద్య కార్డులు. నొప్పి నిజం, తీర్చేవాళ్ళు లేరు. వర్జీనియా లీ కౌంటీలో ఆర్ట్ వాన్ జీ అనే పల్లెటూరి డాక్టరు, తను చిన్నప్పుడు టీకాలు వేసిన పిల్లలే ఓవర్‌డోస్‌తో వస్తుంటే చూడలేక, 2001 నాటికే నిన్ను వెనక్కి తీసుకోమని సంతకాలు సేకరించాడు. ఎవరు విన్నారు? 2007లో వర్జీనియాలోని అబింగ్డన్ కోర్టులో కంపెనీ, ముగ్గురు పెద్ద అధికారులు, నీ గురించి తప్పుగా చెప్పి అమ్మామని ఒప్పుకున్నారు. 60 కోట్ల డాలర్లకు పైగా జరిమానా కట్టారు. ఒక్కరూ జైలుకి పోలేదు. మర్నాడు నువ్వు మా అల్మరాలో మామూలుగానే ఉన్నావు.

నువ్వొక్కదానివే అననులే. నీ దారిలోనే హైడ్రోకోడోన్ బిళ్ళలూ నడిచాయి. వెస్ట్ వర్జీనియాలో కెర్మిట్ అని ఊరుంది, అప్పట్లో జనాభా నాలుగు వందలు. అక్కడి ఒక్క మందుల షాపుకి రెండేళ్ళలో దాదాపు 90 లక్షల హైడ్రోకోడోన్ బిళ్ళలు చేరాయి. ఆ లెక్కల్ని బయటికి లాగిన చార్ల్‌స్టన్ విలేకరి ఎరిక్ ఐర్‌కి 2017లో పులిట్జర్ వచ్చింది. ఆ లారీలు పంపిన పంపిణీ కంపెనీలకి నాలుగు వందల మందికి అన్ని బిళ్ళలేమిటన్న అనుమానం రాలేదు. పక్కింటివాళ్ళు పంచదార అప్పడిగితే రెండోసారికే మనకి అనుమానం వస్తుంది.

ఇక కుటుంబాల సంగతి. లెక్కలు చెప్తే 1999 నుంచి 2022 వరకు నీ జాతి మందులన్నీ కలిసి ఈ దేశంలో 7 లక్షల 20 వేలకు పైగా మనుషుల్ని మింగేశాయి. ఆ అంకె ఎవరికీ ఎక్కదు, నాకూ ఎక్కదు. నాకు ఎక్కేది మా కౌంటరు దగ్గరికొచ్చే ఒక అమ్మమ్మ. అరవై దాటింది. ఇంట్లో ముగ్గురు మనవలు, పెద్దవాడికి తొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మ, అంటే ఈవిడ కూతురు, ఎక్కడుందో ఒక్కోసారి తెలుస్తుంది, ఒక్కోసారి తెలియదు. ఈవిడ బీపీ బిళ్ళలు, మోకాళ్ళ బిళ్ళలు తీసుకుని కౌంటరు మీదే పోసుకుని ఒక్కొక్కటీ లెక్కపెడుతుంది. తర్వాత సంచీలోంచి ఇనప డబ్బుల పెట్టె తీసి, సీసాలు అందులో పెట్టి తాళం వేస్తుంది. తాళంచెవి మెడలో గొలుసుకుంటుంది, సిలువ పక్కనే. కూతురు ఎప్పుడైనా ఇంటికొస్తే బాత్రూమ్‌లో అల్మరా వెతుకుతుందని ఆ పెట్టెని కారు డిక్కీలో దాస్తుంది. బీపీ బిళ్ళలతో ఎవరికీ మత్తు రాదు కదమ్మా అని ఒకసారి అన్నాను. అది తెలిసేలోపు మింగేస్తుంది నాయనా, ఏది చూసినా మింగేస్తుంది అంది. ఇలాంటి అమ్మమ్మలు, తాతయ్యలు ఈ ఊళ్ళో వీధికిద్దరు ముగ్గురున్నారు. పింఛను డబ్బుల్తో స్కూలు బూట్లు కొంటారు, టీచర్ల మీటింగులకి వెళ్తారు.

కడుపులో ఉన్నప్పుడే నీకు అలవాటు పడ్డ పిల్లల్ని చూసినవాళ్ళు మళ్ళీ నీ పేరు తేలిగ్గా ఎత్తరు. పుట్టిన ఒకటి రెండు రోజులకి మొదలవుతుంది, కీచుమనే ఏడుపు, ఆగని వణుకు, పాలు పట్టడానికి నోరు కుదురుగా ఉండదు, చిన్న వెలుతురుకీ చప్పుడుకీ ఉలికిపడతారు. వాళ్ళలో కొందరికి మార్ఫిన్ చుక్కలే పోసి, రోజురోజుకీ తగ్గిస్తూ మాన్పించాలి. వెస్ట్ వర్జీనియాలోని హంటింగ్టన్‌లో లిలీస్ ప్లేస్ అని అచ్చంగా ఇలాంటి పిల్లల కోసమే 2014లో ఓ కేంద్రం తెరిచారు. మసక దీపాలు, మెత్తటి గొంతులు, ఎత్తుకుని ఊపడానికి వచ్చే వాలంటీర్లు. ఆ ఊళ్ళోనే 2016 ఆగస్టులో ఒక్క మధ్యాహ్నం నాలుగైదు గంటల వ్యవధిలో ఇరవై ఆరు ఓవర్‌డోస్ కేసులకి అంబులెన్సులు పరిగెత్తాయి.

ఒక పక్కమాట. 1980లలో నల్లజాతి వాళ్ళ పేటల్లో క్రాక్ వచ్చినప్పుడు ఈ దేశం పోలీసుల్ని పంపింది, జైళ్ళు కట్టింది. నువ్వు తెల్లవాళ్ళ ఇళ్ళలో దూరాక ఇది జబ్బు, చికిత్స కావాలి అని అందరికీ తెలిసొచ్చింది. జబ్బే, నిజమే. కానీ ఆ తేడాని నల్లజాతి వాళ్ళు మర్చిపోలేదు, మర్చిపోవాల్సిన పనీ లేదు.

ఇది తెల్లవాళ్ళ గొడవ, మనకెందుకు అని ఇక్కడి మనవాళ్ళు చాలాకాలం అనుకున్నారు. ఓ రోజు మధ్యాహ్నం కౌంటరు దగ్గరికి ఒకాయన వచ్చి, నార్కాన్ ఉందా అని ఇంగ్లీషులో అడిగాడు. నార్కాన్ అంటే నలోక్సోన్, ముక్కులో కొట్టే స్ప్రే, ఓవర్‌డోస్‌తో ఊపిరాగిపోతున్నవాణ్ణి నిమిషాల్లో లేపుతుంది. 2023 మార్చిలో దాన్ని చీటీ లేకుండా అమ్మడానికి అనుమతొచ్చింది. నా బ్యాడ్జీ మీద పేరు చూశాడు, ముఖం మారిపోయింది. కొలంబస్ నుంచి ఇంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చిందే తెలుగు ముఖం కనబడని షాపు కోసమని నాకర్థమైంది. కాసేపు దగ్గుమందుల అర దగ్గర తచ్చాడి మళ్ళీ వచ్చి, ఈసారి తెలుగులో, గొంతు తగ్గించి, “అన్నా, మా ఫ్రెండ్ కొడుక్కి. ఇదెలా వాడాలి?” అన్నాడు. డబ్బా విప్పి చూపించాను. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ఒక ముక్కురంధ్రంలో మొత్తం నొక్కేయాలి. 911కి ఫోన్ చేయాలి. రెండు మూడు నిమిషాల్లో కదలకపోతే రెండోది. లేచాక తిడతాడు, కొడతాడు, పట్టించుకోకు, వదిలిపెట్టి మాత్రం వెళ్ళకు, స్ప్రే దిగిపోతే మళ్ళీ ఊపిరాగొచ్చు. అంతా శ్రద్ధగా విని, రెండు డబ్బాలు తీసుకుని, క్యాష్ ఇచ్చాడు. కార్డు స్టేట్‌మెంటులో పడితే ఇంట్లో చూస్తారని కాబోలు. వెళ్ళబోతూ, “ఎవరికీ అనకన్నా” అన్నాడు. ఫ్రెండ్ కొడుకు గురించి అంత బతిమాలుకోలు ఎవరికీ ఉండదు.

మనవాళ్ళ పిల్లలకి ఇప్పుడు ప్రమాదం నువ్వు కాదు, నీ వేషం కట్టిన నకిలీ. 2010లో కంపెనీ నిన్ను నలగకుండా, నలిపితే జిగురయ్యేలా మార్చింది. 2011లో ఒహాయో ప్రభుత్వం నోట్లు తీసుకుని చీటీలిచ్చే క్లినిక్కుల్ని మూయించింది. మంచిదే. కానీ అప్పటికే అలవాటు పడ్డవాళ్ళకి చికిత్స ఎవరు చూపించారు? పెనం మీంచి పొయ్యిలో పడ్డారు. మెక్సికో హెరాయిన్ పిజ్జాలా ఇంటికొచ్చేది, నీకన్నా చవక. 2013 తర్వాత ఫెంటానిల్. హెరాయిన్ కన్నా యాభై రెట్లు బలం, రెండు మిల్లీగ్రాములు ప్రాణం తీయగలవు. దాన్నే నీలం రంగు బిళ్ళలుగా అచ్చుగుద్ది, ఒకవైపు ఎం, ఇంకోవైపు 30 అని ముద్ర వేసి, ఆక్సీకోడోన్ అని ఫోన్‌లోనే అమ్ముతున్నారు. పరీక్షల ముందు నిద్రపట్టని కుర్రాడు, జిమ్‌లో నడుం పట్టేసిన కుర్రాడు, రూమ్మేటు ఇచ్చాడు కదా అని ఒక్కటే ఒక్కటి వేసుకుంటే చాలు, వాడికి ఏ అలవాటూ ఉండక్కర్లేదు. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపులో గుండె ఆగిపోయింది అని వస్తుంది. అబద్ధమేం కాదు, గుండె ఆగే పోయింది. ఇక్కడి తెల్లవాళ్ళూ ఒకప్పుడు పేపర్లో అకస్మాత్తుగా మరణించారు అనే వేయించేవాళ్ళు. ఈమధ్య కొందరు తల్లిదండ్రులు దేనివల్ల పోయాడో రాయిస్తున్నారు. మనవాళ్ళింకా ఆ దాకా రాలేదు.

నీ పుణ్యమా అని ఇప్పుడు డాక్టర్లు రెండో అంచుకి పోయారు. 2016లో నొప్పి మందుల మీద కొత్త మార్గదర్శకాలొచ్చాక, ఏళ్ళ తరబడి నీ మీద బతికినవాళ్ళని ఉన్నట్టుండి ఆపేసిన డాక్టర్లున్నారు. ఆ రోగులు చీటీ పట్టుకుని షాపు షాపూ తిరగడం నేను చూశాను. పిల్లల్ని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ ఫిర్యాదూ అదే. మంచు మీద జారి మణికట్టు విరిగినా టైలెనాల్ తప్ప ఏమీ ఇవ్వలేదమ్మా ఈ దేశంలో, మా ఊరి ఆర్‌ఎంపీ నయం అంటారు. ఆర్‌ఎంపీ ఏమిస్తాడో తెలిసిన నేను నవ్వి ఊరుకుంటాను.

డబ్బు సంగతికొస్తే సిగ్గు అనే మాట మర్చిపోవాలి. 2017లో మెకిన్సీ సలహాదారులు నీ కంపెనీకి ఒక లెక్క వేసిచ్చారు. అమ్మిన బిళ్ళల వల్ల ఓవర్‌డోస్ జరిగితే, పంపిణీదారులకి ఒక్కో కేసుకి ఇంత అని డిస్కౌంటు ఇస్తే ఎలా ఉంటుందని. ఒక అంచనా 14,810 డాలర్లు. అమలు కాలేదు. కానీ ఎవరో బాగా చదువుకున్న కుర్రాడు ఓ సాయంత్రం కూర్చుని ఆ పది డాలర్ల తేడా కూడా పోకుండా లెక్క కట్టాడు. మనవాళ్ళకి గర్వపడే అవకాశమూ దక్కింది. అమృత్‌సర్‌లో పుట్టి ఇక్కడ శతకోటీశ్వరుడైన జాన్ కపూర్, ఇన్సిస్ అనే కంపెనీతో క్యాన్సర్ రోగుల ఫెంటానిల్ స్ప్రేని అక్కర్లేనివాళ్ళకీ రాయించడానికి డాక్టర్లకి లంచాలిచ్చిన కేసులో 2019లో దోషిగా తేలాడు. ఐదున్నరేళ్ళ శిక్ష పడింది. ఆ వరసలో జైలు చూసిన పెద్ద యజమాని బహుశా ఆయనొక్కడే. శాక్లర్ల మీద క్రిమినల్ కేసే పెట్టలేదు. ఫొటోగ్రాఫర్ నాన్ గోల్డిన్ 2018లో మెట్రోపాలిటన్ మ్యూజియంలో శాక్లర్ల పేరున్న హాల్లో నీళ్ళలోకి మందు సీసాలు విసిరి గొడవ చేసింది. ఆవిడా నీ బాధితురాలే. 2019లో లూవ్ర్, 2021లో మెట్ ఆ పేరు గోడల మీంచి తీసేశాయి. మ్యూజియాల గోడలకున్న పాటి సిగ్గు కోర్టులకి లేదు.

నా కోపం చూసి నీ జాతినంతటినీ పాతిపెట్టమంటున్నానని అనుకోకు. ఆ తప్పు మా ఇండియా చేసి చూసింది. 1985 మత్తుమందుల చట్టం తర్వాత లైసెన్సుల భయంతో ఆస్పత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. నీమచ్, మంద్‌సౌర్ పొలాల్లో ప్రభుత్వ లైసెన్సుతో పండిన నల్లమందు ఇక్కడి మందుల కంపెనీలకి ఓడల్లో వచ్చేది, అక్కడ క్యాన్సర్ చివరిదశలో ఉన్న మనిషి అరుస్తూ పోయేవాడు. కేరళ డాక్టరు ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2014లో చట్టం సడలింది. హైదరాబాద్ ఎమ్‌ఎన్‌జె క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఇచ్చే మార్ఫిన్ బిళ్ళతో రాత్రంతా నిద్రపోయే రోగికి నీ కథ చెప్పి భయపెట్టడం పాపం. అదే దేశం నుంచి టపెంటడాల్, కండరాల మందు కలిపిన బిళ్ళలు పశ్చిమాఫ్రికా వీధుల్లోకి పోతున్నాయని 2025 ఫిబ్రవరిలో బీబీసీ బయటపెడితే గానీ ఆ ఎగుమతి ఆగలేదు. ఆ మార్చిలోనే హైదరాబాద్‌కి చెందిన ఒక కంపెనీ మీద ఫెంటానిల్ ముడిరసాయనం కేసులో అమెరికాలో అభియోగాలు నమోదయ్యాయి. అభియోగమే, తీర్పు కాదు. కానీ నీ కంపెనీ వేసిన బాట ఎంత దూరం పోయిందో తెలియడానికి అది చాలు.

ఇప్పుడు నీతో అసలు పని. 2019లో పర్డ్యూ దివాలా పిటిషన్ వేసింది. అప్పటికే శాక్లర్ కుటుంబం వెయ్యి కోట్ల డాలర్లకు పైగా బయటికి తీసుకుంది. తమ మీద ఎవరూ దావా వేయకుండా రక్షణ కోరితే 2024 జూన్‌లో సుప్రీంకోర్టు కుదరదంది, 5–4 తేడాతో. 2025 నవంబరులో కొత్త ఒప్పందానికి దివాలా కోర్టు ఒప్పుకుంది, మొత్తం 740 కోట్ల డాలర్లు. చాలా భాగం రాష్ట్రాలకి, కౌంటీలకి, చికిత్సలకి పోతుంది. బాధితులకంటూ నేరుగా పెట్టింది సుమారు 86.5 కోట్లు. మనిషికి ఎనిమిది వేలో, పదహారు వేలో డాలర్లు రావొచ్చట. 2020 గడువులోగా పేరు నమోదు చేసుకున్నవాళ్ళకే. అదీ నిన్ను డాక్టరు రాసిచ్చినట్టు రుజువుంటేనే.

ఆ రుజువు కోసమే ఇప్పుడు మా కౌంటరు దగ్గరికి తల్లులు వస్తున్నారు. 2003లో మావాడు ఇక్కడే మందులు తీసుకున్నాడు, కాగితం తీసివ్వగలవా అని. తీసివ్వలేను. కొన్నేళ్ళు దాటిన కాగితాలు ఉంచాలన్న నిబంధన లేదు, షాపు చేతులు మారింది, కంప్యూటర్లు మారాయి. రాసిన డాక్టరు లైసెన్సు పోయింది, లేదా డాక్టరే పోయాడు. ఇక తాతయ్య అల్మరాలోంచి నిన్ను తీసుకుని మొదలుపెట్టిన పదహారేళ్ళ పిల్లకి ఏ చీటీ ఉంటుంది? చీటీ లేదు కాబట్టి ఆ పిల్ల లెక్కలో లేదు.

నువ్వు ఎక్కడెక్కడ, ఎవరి కలం మీంచి ఎంత పారావో ఆనాడు డబ్బిచ్చి కొన్న లెక్కలున్నాయని పైన చెప్పాను. వాటిలో రోగుల పేర్లుండవు, డాక్టర్ల పేర్లుంటాయి. మీ కంపెనీ వాళ్ళని ఆ పట్టీలు తీసి ఊరి పేరు, డాక్టరు పేరు, ఆ ఏడాది రాసిన చీటీలు వరసగా అచ్చు వేయమను. ఫలానా క్లినిక్కుకి మావాడు వెళ్ళేవాడు అని చూపించే పాత బిల్లు ముక్క, ఇన్సూరెన్సు కవరు, అపాయింట్‌మెంటు కార్డు ఏదో ఒకటి తల్లులు ఎక్కడో దాచుకునే ఉంటారు. ఆ రెండూ కలిస్తే రుజువు కింద తీసుకోమను. కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషికి లేదమ్మా అని చెప్పే పని ఇప్పుడు నాది. ఆ పని మీ కంపెనీ వాళ్ళు చేయాలి, ఆమె ముఖం చూస్తూ.

ఇట్లు,
నిన్ను లెక్కపెట్టిన చేతులవాడు